గొంగళి చుక్క

మా అమ్మాయి ఈసారి క్రిస్మస్‌కి ఫోన్‌లో చూసి ఒక పొట్లం తెప్పించింది. విప్పితే మందపాటి ఉన్ని గుడ్డతో కుట్టిన చుక్కలు, గంటలు, గొర్రెపిల్లలు. అంచులంతా తెల్లదారంతో కాజా కుట్టు, పైన అట్టమీద చేత్తో చేసినవని గొప్పగా ఒక ముక్క. ఆ గుడ్డను ఫెల్ట్ అంటారట. ఒక చుక్కను తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. "మా అమ్మ కూడా ఇట్లాంటివి చేసేది" అని మా అమ్మాయితో అన్నాను, పక్కింటావిడతో ఇంకాస్త కలిపి చెప్పాను. చెబుతున్నంతసేపూ చెవులు వేడెక్కుతూనే ఉన్నాయి. ఆ మాట చెప్పుకునే హక్కు నాకు లేదు.

మాది కొనకనమిట్ల దగ్గర మెట్ట ఊరు. కందిచేలు పచ్చగా పూసి, పొద్దున్నే మంచు దిగి, కూలికి పోయే ఆడవాళ్లు కొంగులు తలమీదుగా చుట్టుకుని గుంపుగా నడిచే రోజుల్లో మాకు పండగ నెల మొదలయ్యేది. ఇంటింటా నానిన బియ్యం రోట్లో దంచే చప్పుడు, బెల్లప్పాకం వాసన, అరిసెల్ని రెండు గరిటెల మధ్య వత్తి నూనె కారుస్తూ ఆడవాళ్లు ఒకరి పాకాన్ని ఒకరు వెక్కిరించుకోవడం, గోడలకు కొత్త సున్నం, రంగు కాగితాలు అంటించడానికి పొయ్యిమీద ఉడికే మైదా జిగురు. పిల్లలం అచ్చనగాయలు ఆడుతూనే ఆ జిగురును వేళ్లతో తీసి నాకేవాళ్లం.

మా చర్చిలో క్రిస్మస్ చెట్టంటే రేగికొమ్మే. దాని ముళ్లే కొక్కేలు, దేన్నైనా గుచ్చితే చాలు, దారం కూడా అక్కర్లేదు. పండగకు ముందరి ఆదివారం ప్రతి ఇల్లూ ఒక వస్తువు చేసి తేవాలి. పాస్టరుగారి భార్యను మేమంతా అమ్మగారు అనేవాళ్లం. ఆమె ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని పైకెత్తి "ఇది ఎవరింటిది?" అని అడిగేవారు. ఆ ఇంటి పిల్లో పిల్లాడో లేచి నిలబడి నాయన పేరు, అమ్మ పేరు చెప్పాలి. అందరూ "స్తోత్రం" అనేవాళ్లు. ఏడాదంతా ఇంకొకరి చేలల్లో వంగి పనిచేసే మా అమ్మలాంటి వాళ్ల పేరు నలుగురిలో వినపడేది ఆ ఒక్క పూటే.

నాకు పదేళ్లప్పుడు అమ్మ కాగితం పువ్వులు వద్దంది. నాయన కప్పుకుని కప్పుకుని చివికిపోయిన నల్ల గొంగళి ఒకటి ఉంటే దాన్ని ముక్కలు కోసి, కుంకుడు రసం కలిపిన ఉడుకునీళ్లలో నానేసి, బండమీద వేసి చేతులు ఎర్రబడేదాకా రుద్దింది. అట్లా రుద్దితే నేతపోగులు ఒకదానికొకటి పట్టుకుని, గుడ్డ కుంచించుకుపోయి మందంగా తయారవుతుంది. ఇక ఎట్లా కత్తిరించినా అంచు విడిపోదు. ఇదంతా ఎవరు నేర్పారో తెలియదు. నీడన ఆరబెట్టి చుక్క ఆకారంలో రెండు ముక్కలు కోసి, మధ్యలో దూది కూరి, పాత రిబ్బన్ల నుంచి లాగిన ఎర్రదారంతో అంచులు కుట్టింది. కుట్టేముందు గుడ్డలోంచి పైకి లేచిన బిరుసు వెంట్రుకల్ని ఒక్కొక్కటే పీకుతుంటే, మా అవ్వ చుట్ట నోట్లోంచి తీసి నవ్వింది.

"ఏందిమే, గొంగట్లో కూడు తింటా ఎంటికలు ఏరినట్టుంది నీ పని!"

"ముట్టుకుంటే గుచ్చుకోగూడదు గదత్తా, దేవుని చెట్టుకు పెట్టేది" అంది అమ్మ.

ఆ చుక్కను నా పరికిణీ ఒళ్లో పెట్టుకుని చర్చికి తీసుకుపోయింది నేనే. అప్పటికి అది నాకూ ముద్దుగానే ఉంది. అయితే దారంతా మంచు. తడి తగిలితే గొంగళి ఎన్ని నీళ్లలో కడిగినా గొర్రెమంద వాసన బయటపెడుతుందని అమ్మకూ తోచలేదు, నాకూ తెలియదు.

ఆ ఏడు అమ్మగారి అక్కపిల్లలు ఇద్దరు మార్కాపురం నుంచి వచ్చారు. మెరిసే గౌన్లు, తెల్ల సాక్సులు, చేతుల్లో వెండిరంగు కాగితం నక్షత్రాలు. పొద్దుటి నుంచి నేను వాళ్ల తోకై తిరిగి, ముందు వరసలో వాళ్ల పక్కనే చోటు సంపాదించాను. అమ్మగారు మా చుక్కను పైకెత్తగానే పెద్దపిల్ల ముక్కు మూసుకుంది. "ఛీ, గొర్రె కంపు!" అంది. చిన్నది కిసుక్కుమంది. నేనూ నవ్వాను. ఇప్పటికీ నన్ను కాల్చేది ఆ నవ్వే.

"ఇది ఎవరింటిది?" అని అడిగారు అమ్మగారు.

ఎవరూ లేవలేదు. ఆమె నావైపే చూసి, "నీ ఒళ్లో ఉన్నట్టుండెనే పాపా?" అన్నారు.

"మాది కాదండీ. ఎవరో ఇస్తే తెచ్చినా" అన్నాను.

వెనక చాపమీద, ఆడవాళ్ల మధ్య అమ్మ కూర్చుని ఉంది. తిరిగి చూశాను. పేరు వినపడుతుందని కొంగు సర్దుకుని సిద్ధంగా ఉన్నదల్లా మెల్లగా తల దించుకుంది. నాది అని ఆమే అనొచ్చు. అనలేదు. అమ్మగారు చుక్కను గోడవైపు ముల్లుకు గుచ్చారు. స్తోత్రం లేదు. ఇంటికి పోయేటప్పుడు అమ్మ ఆకలేస్తుందా అని మాత్రం అడిగింది. మరుసటేడు కనిగిరి బజారులో కాగితం నక్షత్రం కొని నా చేతికిచ్చింది. మళ్లీ ఎప్పుడూ ఉన్ని ముట్టలేదు.

ఇప్పుడు మా వైపు గొంగళి నేసే ఇల్లు లేదు. గొర్రెలు కాసేవాళ్లు ప్లాస్టిక్ పట్టలు కప్పుకుంటున్నారు, కత్తిరించిన ఉన్నిని కంపచెట్ల కింద పారేస్తున్నారు. చర్చిలో చెట్టు అట్టపెట్టెలోంచి వస్తోంది. అన్నీ కొన్నవే కాబట్టి ఎవరింటిదని అడిగే పని లేదు. అవ్వ పోయింది, నాయన పోయాడు. అమ్మ మార్కాపురంలో మా ఇంట్లోనే ఉంటుంది.

మొన్న మధ్యాహ్నం ఇద్దరం వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉంటే, ఇన్నేళ్లకు తెగించి అడిగాను. "అమ్మా, ఆ పొద్దు చర్చిలో మాది కాదన్నా గదా. గుర్తుందా?"

"ఎందుకు లేదు పాపా. తప్పు నాదే గదా" అంది, నేను ఆ మాట ఎత్తడం కోసమే కాచుకుని ఉన్నట్టు. "కంపుగొట్టే గుడ్డ చేతికిచ్చి, పట్నం పిల్లోళ్ల ముందర నిన్ను తల దించుకునేట్టు చేసినా. ప్రతి క్రిస్మస్‌కీ ప్రార్థనలో అదొక్కటి చెప్పుకుంటా, నా బిడ్డ నన్ను క్షమించాలని."

తప్పు నాదని చెప్పాను. ఏడ్చి చెప్పాను. ఆమె చెవిన పెట్టలేదు.

"నా మనసు కోసరం అట్లనే అంటావులే. క్షమించినావా లేదా, అది చెప్పు" అని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"క్షమించినా మా" అన్నాను చివరికి.

అమ్మ మొహం తేటపడింది. నా జన్మలో అంత సిగ్గుమాలిన మాట నేను ఇంకొకటి అనలేదు.