టాపు లేని కారుకు లీటరు మాస్టారి తీర్పు

ఆయన కారు నడపడం నేర్పి బతికే మనిషి. ఇరవై రెండేళ్ళుగా కొత్తవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, ప్రాణాలు అరచేతిలో పట్టుకుని పాఠాలు చెప్పారు. కానీ ఆయనకు పేరొచ్చింది అందుకు కాదు. ఏ కారైనా సరే, కంపెనీవాళ్ళు చెప్పినదాని కంటే లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువ నడిపిస్తారు. అందుకే అందరూ లీటరు మాస్టారు అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆయన మురిసిపోతారు కూడా.

ఆయన పద్ధతి ఆయనది. ట్యాంకు నిండా పెట్రోలు పోయించాలి. కొంతదూరం నడిపాక అదే బంకులో, అదే గొట్టంతో మళ్ళీ నిండా పోయించాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. కారులో వెలిగే మీటరు చెప్పే మైలేజీని మాత్రం ఆయన నమ్మరు. తన వస్తువును తానే పొగుడుకునే దుకాణదారు లాంటిదది అంటారు.

చుట్టాల్లో ఎవరు కారు కొన్నా ముందు మాస్టారి చెవిన వేయడం రివాజు. అలాంటిది సొంత తోడల్లుడు, కుళాయిలూ సింకులూ అమ్ముకునేవాడు, మాట మాత్రమైనా చెప్పకుండా కారు కొన్నాడు. అదీ మామూలు కారు కాదు. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు, నీలం రంగుది. మీట నొక్కితే టాపు దానంతటదే మడుచుకుని వెనక్కి వెళ్ళిపోతుంది. ఒకరు వాడినదే అయినా ఎక్కడా గీత లేదు. గీత కోసం మాస్టారు రెండుసార్లు చుట్టూ తిరిగి మరీ వెతికారు.

ఆ రోజు నుంచి ఆయనకు అన్నం సయించలేదు. వాడికంత కారా? గేరు మార్చడం నేర్పింది నేను కాదూ? పాఠం చెబుతూ కూడా అదే ధ్యాస. ఆ కారు వీధిలోంచి వెళితే చప్పుడుకే గుర్తుపట్టి కళ్ళలో నిప్పులు పోసుకునేవారు. పైకి మాత్రం, పాపం పెట్రోలుకెంత తగలేస్తున్నాడో అని జాలి పడేవారు. టైర్లు మారిస్తే ఇంత, ఇన్సూరెన్సు ఇంత, గుడ్డ టాపు చిరిగితే అంత అని భార్యకు అడక్కుండానే చెప్పేవారు. ఆవిడ ఊఁ కొట్టేది.

ఇంతలో మరదలే దారి చూపించింది. కారు తెచ్చిన దగ్గర్నుంచి మొగుడూ పెళ్ళాలకు దానిమీదే గొడవ. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇస్తే కారు ఉంచుకోవాలి, అంతకంటే తగ్గితే అమ్మేయాలి. ఎంతిస్తుందో బావ నడిపి చెప్పాలి. లెక్క దగ్గర బావ అబద్ధమాడడని ఆ అమ్మాయి నమ్మకం. తోడల్లుడు తాళాలు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు.

"మీరెంతంటే అంతే అన్నయ్యా. ఇంక నేను నోరెత్తను," అన్నాడు. ఆ గొంతులో బెంగ మాస్టారికి తెలిసింది. తెలిసి సంతోషించారు.

ఆదివారం పొద్దున్నే ట్యాంకు నింపించి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని బైపాస్ ఎక్కారు. పోనూ ముప్పై, రానూ ముప్పై కిలోమీటర్లు. ఇరవై రెండేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? కాలు మెత్తగా పడింది, బ్రేకు అవసరమే రాలేదు. వెనక్కి తిరగాల్సిన చోట మీటరు పదకొండు చూపిస్తోంది. నమ్మనని ఒట్టేసుకున్న మనిషే రెప్పవేయకుండా దాన్ని చూశారు. ఆయన పనితనమే ఆయన కొంప ముంచుతోంది. పదకొండని చెబితే వాడు బతికున్నంత కాలం ఆ కారులో ఊరేగుతాడు.

మాస్టారు మీట నొక్కి టాపు తీసేశారు. ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటరు నేలకు ఆనేదాకా తొక్కారు.

కారు ముందుకు దూకింది. వేగం అందుకోగానే బ్రేకు కొట్టి, మళ్ళీ తొక్కారు. తన దగ్గర నేర్చుకునేవాళ్ళు అలా చేస్తే చీవాట్లు పెట్టే మనిషే, తిరిగొచ్చేదాకా అదే పని చేశారు. పక్కన భార్య జడ ఊడిపోయింది. ఒక చేత్తో జుట్టూ, ఇంకో చేత్తో తలుపూ పట్టుకుందే గానీ మెల్లగా వెళ్ళమని అనలేదు.

బంకులో అదే గొట్టంతో నింపితే తొమ్మిది లీటర్ల ఏడు వందల మిల్లీలీటర్లు పట్టింది. ఆరు పాయింటు రెండు. భాగహారంలో తప్పు లేదు, అబద్ధం ఆడాల్సిన పనీ పడలేదు. మాస్టారు గంభీరంగా ముఖం పెట్టి అంకె చెప్పారు. తోడల్లుడు కాసేపు బానెట్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. పది రోజులకు కారు ఎవరింటికో వెళ్ళిపోయింది. నన్ను మునగకుండా కాపాడారని అతను మాస్టారికి దణ్ణం పెట్టి, మాస్టారి కారు లాంటిదే చిన్నది కొనుక్కున్నాడు. మాస్టారికి చాలా రోజుల తర్వాత కడుపు చల్లబడింది.

ఆ చల్లదనం వారం కూడా నిలవలేదు. ఒక సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతూ నెమ్మదిగా చెప్పింది.

"బావ ఎప్పటిలాగే నడిపాడా అక్కా అని చెల్లి అడిగింది. అలాగే నడిపారని చెప్పాను."

మాస్టారు పేపరు దించలేదు.

"మీ పరువు పోతుందని చెప్పానే గానీ నాకు నచ్చి కాదు. ఇన్నేళ్ళుగా మీ పక్కన కూర్చుంటున్నానా, బండి నడుపుతూ మీరు పకపకా నవ్వడం ఆ రోజే చూశాను."

"నేను నవ్వానా?" అన్నారు మాస్టారు.

"వచ్చినంతసేపూ నవ్వారు. వాళ్ళ కారు అమ్మించడానికి అలా తొక్కుతున్నారని బంకుకు వచ్చేదాకా నాకు తట్టలేదు. నాకోసమేమో అనుకున్నాను."

ఆవిడ మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు ఆ నవ్వును గుర్తు తెచ్చుకోవాలని చూశారు. గాలి గుర్తొచ్చింది, రోడ్డు గుర్తొచ్చింది, మీటరు మీద అంకె గుర్తొచ్చింది. నవ్వు మాత్రం గుర్తు రాలేదు. కుళ్ళుకోవడానికి ఇప్పుడు తోడల్లుడి దగ్గర ఆ కారు కూడా లేదు. పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇరవై నిమిషాలు నవ్వుతూ ఆ కారు నడిపిన మనిషెవడో, వాణ్ణి తలుచుకుంటేనే ఆయన కడుపు మండిపోయింది.