నాయన పొగాకుకు ఎన్ని నక్షత్రాలు?

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా వీధిలో పిల్లి ఎదురొస్తే నేను ఇల్లు చేరేలోపల అది చిరుతపులైపోతుంది. తిరుపతిలో అడవి పక్కనే ఉంది కాబట్టి జనం నమ్ముతారు కూడా. కాబట్టి ఇందులో ఎక్కడైనా అంకె కనబడితే పదితో భాగించి చదువుకోండి. మనుషులు మాత్రం ఉన్నవాళ్లే, జరిగింది జరిగిందే. ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, ఏకంగా కల్పించాను. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మా నాయన పైపు తాగేవాడు. అదీ ఇంటిల్లిపాదీ నామాలు పెట్టుకునే ఇంట్లో. బీడీ అయితే వీధి జనం ఓ తిట్టు తిట్టి ఊరుకునేవాళ్లు. చుట్ట అయితే పల్లెటూరి అలవాటులే అని సర్దుకునేవాళ్లు. పైపు తాగేవాణ్ణి ఏమని తిట్టాలో మా వీధిలో ఎవరికీ తెలియదు. దాంతో గౌరవించడం మొదలుపెట్టారు. నాయన యూనివర్సిటీలో టైపిస్టు. రిటైరై వెళ్లిపోతున్న ప్రొఫెసరొకాయన, డాక్టరు మానమన్నాడని తన పైపును నాయన చేతిలో పెట్టి వెళ్లాడట. అలా ఆయన మానేశాడు, ఈయన మొదలుపెట్టాడు. ఆ పైపు గిన్నెలో సోలెడు బియ్యం పట్టేవి. (భాగించుకోండి.)

దానికి ఇంట్లో చోటు లేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని తాగేవాడు. కూర్చోవడంలో ఒక పద్ధతి ఉండేది. కొండకు వీపు పెట్టి కూర్చోవాలి. స్వామి వైపు పొగ ఊదకూడదు. నాయన మరిచిపోయి అటు తిరిగితే కింద పెరట్లోంచి మా అమ్మ కేక వేసేది, "కొండపక్క ఊదొద్దండీ!" అని. ఒక్కోరోజు గాలి ఎదురు తిరిగి పొగంతా కొండవైపే పోయేది. అప్పుడు చూడాలి నాయన్ని. పైపు పళ్లమధ్య కరిచిపట్టి, భుజం మీది తువ్వాలు తీసి, పొగను చెదరగొడుతూ మిద్దె అంతా పరిగెత్తేవాడు. ఏడుకొండల్నీ ఒక్క తువ్వాలుతో కాపాడిన మనిషి మా నాయన.

నేను కింద పెరట్లో లెక్కలు చేసుకుంటూ ఉంటే ఆ వాసన మెట్లు దిగి వచ్చేది. ముందు బెల్లం పాకం మాడినట్టు తీయగా. ఆ వెనకే ఎక్కడో చల్లగా, ముక్కులోంచి గొంతులోకి ఒక కిటికీ తెరిచినట్టు. ఆ రెండోది వచ్చిందంటే నాయన ఇంట్లో ఉన్నట్టు, ఆ పూటకు భయపడాల్సింది ఏమీ లేనట్టు.

నాయనకు ఆ పొగాకంటే ఎంత గర్వమో. మద్రాసు బస్సు తోలే స్నేహితుడొకాయన అక్కడి అంగడిలో విడిగా కొని కాగితంలో కట్టించి తెచ్చేవాడు. పేరు అడిగితే ఇద్దరిదీ ఒకటే జవాబు: "పైపు పొగాకు." ఇంటికొచ్చినవాళ్లందరికీ నాయన చెప్పేవాడు.

"ప్రపంచంలో ఇంతకు మించింది లేదప్పా. కడాన సల్లగా దిగుతాది సూడు, అదీ దీని గొప్ప!"

చివరికి డాక్టరు నాయన్నీ మానమన్నాడు. మానేశాడు. కొన్నాళ్లకు ఆయనే వెళ్లిపోయాడు. నాకు మిగిలింది పైపూ, పొగాకు దాచుకున్న ఇత్తడి డబ్బా. మూత మీద చిన్న నామం చెక్కి ఉంటుంది. అడుగున కాగితం పరిచి, దాని మీద పొగాకు పొడి చిటికెడు. నాయన తద్దినం రోజు మాత్రం, బ్రాహ్మలు వెళ్లాక, ఆ డబ్బా మూత తీసి ఒక్కసారి వాసన పీల్చి మళ్లీ గట్టిగా బిగించేవాణ్ణి. తీసిన ప్రతిసారీ కొంత తగ్గుతుందని తెలుసు.

"ఇంకా ఉంది," అనేవాణ్ణి.

"ఏడాదికొకసారి ముక్కుతో తాగేస్తా ఉండారు," అనేది మా ఆవిడ. "అది అయిపోయినాక ఏం చేస్తారు?"

అదే నా దిగులు. అది పూర్తిగా పోయేలోపల అలాంటి పొగాకే ఎక్కడుందో పట్టుకోవాలి.

అలా ఒకనాడు ఫోనులో ఆ లోకంలో పడ్డాను. ప్రపంచంలోని పైపు పొగాకులన్నింటికీ జనం నక్షత్రాలు ఇచ్చే చోటు అది. పరీక్ష పేపర్లు దిద్దే మేష్టర్లు కూడా అంత శ్రద్ధగా దిద్దరు. ఒక్కో డబ్బా గురించి పదివేలమంది పదివేల పేజీలు రాశారు. (పదితో చాలదు, ఇక్కడ వందతో భాగించండి.) ఒకే పొగాకులో ఒకాయనకు ఎండుద్రాక్ష తగిలింది, ఇంకొకాయనకు తడిగడ్డి, మూడో ఆయనకు అమ్మమ్మగారి తోలుపెట్టె. నాలుగో ఆయన ఇదంతా ఒట్టిది, టైరు కాలిన కంపు అని ఒక్క నక్షత్రం పడేశాడు. ఒకాయన అయితే నిరుడు ఐదిచ్చి ఈ ఏడు రెండుకు దించాడు. కారణం రాయలేదు. ఆ ఏడాది ఆయన ఇంట్లో ఏం జరిగిందో అని రెండు రోజులు బెంగపడ్డాను.

చివర చల్లగా దిగుతుంది అని ఎవరు రాసినా ఆ పొగాకు తెప్పించాను. చెన్నైలో పనిచేసే మిత్రుడు వారానికోసారి తడ మీదుగా ఇంటికొస్తాడు. వచ్చినప్పుడల్లా ఒక డబ్బా. మా పుస్తకాల బీరువాలో పుస్తకాలు కిందికి దిగి పొగాకు డబ్బాలు పైకెక్కాయి. ఒక్కోటీ తెరవడం, కళ్లు మూసుకోవడం, పీల్చడం. ఒకటి అగరుబత్తి. ఒకటి పెళ్లిలో తాంబూలం. ఒకటి, నాలుగున్నర నక్షత్రాలది, సాక్షాత్తూ మా హైస్కూలు సైన్సు గది.

"ఏమండీ, ఈడ మనుషులు కాపురముండారు," అంది మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. "ఇంతమంది ఐదు సుక్కలిచ్చినారని తెస్తిరే, వాళ్లెవరన్నా మామయ్యను సూసినారా?"

తగిలింది. తగిలింది కాబట్టి కోపం వచ్చింది. మిద్దె ఎక్కి, ఫోను తీసి, తెప్పించిన ప్రతిదానికీ వరసగా తీర్పు రాశాను. అన్నింటికీ ఒకటే వాక్యం: ఇందులో మా నాయన లేడు. ఒక్క నక్షత్రం. మర్నాడు చూస్తే ఏ దేశంవాడో ఒకడు దాని కింద చాలా మర్యాదగా అడిగాడు, మీ నాన్నగారు ఎందులో ఉండేవారు అని.

ఇక ఆ చోటు మూసేద్దామనుకుంటూ చివరగా ఒకటి చదివాను. అదీ ఒక్క నక్షత్రమే. రాసినవాడు ఎంత తిక్కవాడంటే, తప్పు తనదని చెప్పి కూడా నక్షత్రాలు పెంచలేదు. మంచి పొగాకును పాత సబ్బుపెట్టెలో పోసి దాచాడట. ఇప్పుడు పైపు వెలిగిస్తే స్నానం చేసినట్టుంటోందట. మళ్లీ కొనను అని రాశాడు. దానికి అందరూ పనికిరాని సమీక్ష అని బొటనవేలు కిందికి చూపించారు. నేను లేచి నిలబడ్డాను. ఇన్నాళ్లూ పొగాకు పేరు వెతికాను గానీ, పెట్టె మాట నాకు తోచనే లేదు.

ఆ ఆదివారమే డబ్బా సంచిలో పెట్టుకుని చిత్తూరు బస్సెక్కాను. మా నాయన చెల్లెలు, మా అత్త, అక్కడ ఉంటుంది. అమ్మ కూడా పోయాక ఇంటి పాత సామాన్ల సంగతి తెలిసింది ఆమె ఒక్కతే. వయసు ఎనిమిదివందల ఇరవై. (నియమం తెలుసుగా.) నన్ను చూడగానే వసారాలోంచే మొదలుపెట్టింది.

"ఏమిరా అల్లుడా, ఊరక వచ్చే మొగం కాదే నీది! ఏం కావల్ల?"

డబ్బా తీసి చేతిలో పెట్టాను. తిప్పి చూసింది. మూత మీది నామాన్ని బొటనవేలితో రుద్దింది.

"ఇంకా పెట్టుకోనుండావా దీన్ని? ఇది మా నాయనది కదరా."

మా తాత గుడిలో తీర్థం కలిపే సేవ చేసేవాడు. అది నాకు తెలిసిందే. తెలియనిది అత్త చెప్పింది.

"మా నాయనకి ఇట్లాంటివి రెండుండె. రెండూ ఒగటే మాదిరి. ఒగదాంట్లో తీర్థానికి పచ్చకర్పూరం. రెండోది ఖాళీగా ఉంటే మీ నాయన కొట్టేసి దాంట్లో పొగాకు దాసినాడు. ఒగరోజు తెల్లారుజామున మా నాయన తొందర్లో ఇది ఎత్తుకోని గుడికి పాయె."

"అయ్యో! తీర్థంలో వేసేశాడా?"

"నీ మొగం! ఆయనకి కండ్లు లేవా? మూత తీసినాడు, సూసినాడు, మూసినాడు. ఇంటికొచ్చి తలమీద నీళ్లు పోసుకోని, రెండో డబ్బా ఎత్తుకోని మళ్లా పోయినాడు. ఆ పొద్దు తీర్థం ఆలస్యమైందని అందరూ మా నాయన్ని నానా మాటలన్నారు. పడినాడు."

"మరి నాయన్ని తిట్టలేదా?"

"ఒగ మాట అన్లేదు. సాయంత్రం మీ నాయన ఆఫీసు నుంచి రాకముందే, ఇంత పచ్చకర్పూరం పాత పంచె పీలికలో మూటగట్టి, ఈ డబ్బా అడుగున కాయితం కింద పెట్టినాడు. నేను సూస్తా ఉండా. 'కంపు కొంచిం తగ్గుతాది, నోరు మూసుకో' అన్నాడు."

అత్త లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చి ఇచ్చి, మిగతాది నిలబడే చెప్పింది. మూట కరిగిపోయినప్పుడల్లా తాతే కొత్తది పెట్టేవాడు. ఆయన పోయాక అత్త పెట్టింది. అత్త పెళ్లై చిత్తూరు వచ్చేస్తూ ఆ పని మా అమ్మకు అప్పగించింది.

"మరి నాయనకు?"

"వానికి యాడ తెలుస్తాది? కాయితం ఎత్తి సూసేటోడా వాడు? పొగాకు గొప్పదని ఊరంతా సాటుకునె. 'కడాన సల్లగా దిగుతాది' అంటాడు, మీ అమ్మ లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుకునేది. మద్రాసులో ఆ పొగాకు కంటే మట్టమైంది ఇంకోటి ఉండదని ఆ బస్సాయనే మాకు చెప్పినాడు!"

నేనూ నవ్వాను. తిరిగి వచ్చే బస్సులో మాత్రం నవ్వు రాలేదు. జీవితమంతా నాయన ఐదు నక్షత్రాలిచ్చింది పొగాకుకు కాదు. ముగ్గురు మనుషులు మాట్లాడకుండా చేసిన పనికి. ఆ సంగతి ఆయనకు తెలియనే తెలియదు. తెలిసి ఉంటే ఆ చల్లదనం ఆయనకు తగిలేదో లేదో.

ఇంటికొచ్చి డబ్బా అడుగు కాగితం ఎత్తాను. నాయన పరిచిన కాగితమని ఇన్నేళ్లూ అది కదిలించలేదు. కింద బొటనవేలంత పీలిక, అమ్మ కట్టిన ముడి కట్టినట్టే ఉంది. లోపల ఏమీ లేదు.

పూజ సామాన్ల అంగడిలో పచ్చకర్పూరం కొన్నాను. బీరువాలో ఉన్నవాటిలోకెల్లా తక్కువ నక్షత్రాలున్న పొగాకు ఏదా అని చూశాను. రెండున్నర నక్షత్రాలది ఒకటి దొరికింది. అది మిత్రుడు పొరపాటున తెచ్చింది. డబ్బాలో పోసి, కొత్త పీలికలో కొత్త మూట కట్టి, కాగితం కింద పెట్టి పది రోజులు ఆగాను. పదకొండో సాయంత్రం మిద్దె ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని, జన్మలో మొదటిసారి నాయన పైపు వెలిగించాను.

దగ్గు వచ్చింది. అంత దగ్గు చరిత్రలో ఎవరికీ వచ్చి ఉండదు. కొండమీద క్యూలో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. దగ్గు తగ్గాక, ఆ తీపి వెనక, ఎక్కడో చల్లగా దిగింది.

మా ఆవిడ ఆరేసిన బట్టలు తీసుకోవడానికి మిద్దె మీదికి వచ్చింది. ముక్కుకు కొంగు పెట్టుకోలేదు. ఒక్కొక్క బట్టా తీసి చేతిమీద వేసుకుని, మెట్ల దగ్గర నిలబడి అంది:

"కొండపక్క ఊదొద్దండీ."

నేను చప్పున వీపు తిప్పుకున్నాను.

ఆ తరవాత ఫోను తీసి ఆ రెండున్నర నక్షత్రాల పొగాకు కింద నా తీర్పు మార్చాను. నాయన లేడన్న వాక్యం తీసేశాను. దీన్ని ఇత్తడి డబ్బాలో, పచ్చకర్పూరం మూట మీద, ఇంట్లోవాళ్లు ఎవరూ చెప్పకుండా పెడితేనే బాగుంటుంది అని రాసి, ఐదు నక్షత్రాలిచ్చాను. ఇప్పటికి ఏడుగురు అది పనికిరాని సమీక్ష అన్నారు. ఈ ఏడును భాగించకండి, నిజంగా ఏడుగురే.

ఇక ఒప్పుకోవలసింది. తాతా, అత్తా, అమ్మా, మూటా, మా ఆవిడ ఆ సాయంత్రం అన్న మాటా, అన్నీ జరిగినవే. ఏటేటా తద్దినం రోజు మూత తీసి "ఇంకా ఉంది" అన్నాను చూశారా, అది కల్పించింది. మొదటి రెండేళ్లు ఉంది. మూడో ఏడు మూత తీస్తే ఒట్టి ఇత్తడి వాసన. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తోంది, ఏమనాలో తోచక ఉందన్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే మాట అన్నాను. బీరువాలోని పొగాకులన్నింటినీ ఏమీ లేని ఆ డబ్బాతోనే పోల్చి, ఒక్కొక్క నక్షత్రం ఇస్తూ వచ్చాను.