ఆరిన నాణెం మీద వేలిముద్ర

ఆ వీధిలో ఆమెను పులుపమ్మ అంటారు. పేరు పెట్టినవాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆ గుమ్మం ముందు నుంచి నడిస్తే ఎవరికైనా నోరూరుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ వంటింట్లో వంట తక్కువ, నాణేల స్నానాలు ఎక్కువ. రాగివాటికి చింతపండు గుజ్జు, ఉప్పు. వెండివాటికి గిన్నె అడుగున అల్యూమినియం రేకు, పైన వంటసోడా, మరిగే నీళ్లు. నురగ పొంగి, కుళ్లిన గుడ్డు వాసన లేచి, నలుపు రేకులోకి దిగిపోతుంది. నీటి అడుగున ఎవరికీ గుర్తులేని రాజు ఒకడు మెల్లగా కళ్లు తెరుస్తాడు.

కడగడం ఆమె వంతు, తుడవడం అక్క వంతుగా ఉండేది. కిటికీ పక్క ముక్కాలిపీట మీద కూర్చుని అక్క ఒక్కో నాణేన్నీ ఆరబెట్టి, ఆరిందో లేదో అని దాని ముఖం మీద బొటనవేలు నొక్కి, ఆ అచ్చును తన పాత నూలుగుడ్డతో తుడిచేసేది. వద్దంటే వినేది కాదు. పసిపిల్లల నుదురు పట్టుకుని జ్వరం చూడమా, ఇదీ అంతే అనేది.

కిందటి వానాకాలంలో అక్క పోయింది. చీరలతో పాటు ఆ గుడ్డను కూడా ఉతికి పులుపమ్మ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. రెండు పనులూ తనే చేసుకుంది, కొత్త గుడ్డతో.

రెండు నెలలకు షాపాయన వచ్చాడు. పాత నాణేలు ఆమె చేత కడిగించి అమ్మే ఆ పెద్దమనిషి ఆమెను ఏనాడూ పల్లెత్తు మాట అన్నవాడు కాదు. ఓ వెండి నాణెం తీసి బల్ల మీద పెట్టాడు. రాజు చెంప మీద గోధుమరంగు వేలిముద్ర. తీసుకెళ్లిన వారానికి తేలిందట. ఇది మూడోసారట.

"అంచులే పట్టుకోవాలని నీకు నేను చెప్పాలా పిన్నీ?"

"నా బొటనవేలు చూడు బాబూ. గీతల్ని చింతపండు ఎప్పుడో మింగేసింది. అచ్చు పడాలంటే గీతలుండాలిగా?"

ఆయన ఆ వేలిని వెలుతురుకు తిప్పి చూశాడు. గులకరాయిలా నున్నగా ఉంది.

"మరి ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఈసారీ మరక తేలితే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తానని, ఏమీ అనుకోవద్దని చెప్పి, మరకపడ్డ నాణెం పక్కనే కొత్త సంచి పెట్టి వెళ్లాడు. ఆ పని కూడా పోతే ఆమెకు మిగిలేవి నాలుగు గోడలు, ఒక ఖాళీ పీట.

నాణేన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. ముద్ర మధ్యలో అడ్డంగా సన్నని గీత. డబ్బా మూత తీస్తూ అక్క కోసుకున్న గంటు అది. ఆవేళ గుడ్డపీలిక కట్టింది తనే.

భయంతో పాటే పాత చిరాకు కూడా వచ్చింది.

"నొక్కితే నొక్కావు, తుడవొద్దూ?" అంది పీటతో.

అన్నాక తట్టింది. దేనితో తుడుస్తుంది? గుడ్డ పెట్టెలో ఉంది. తాళంచెవి తన కొంగున ఉంది.

మర్నాడు మధ్యాహ్నం కడిగిన నాణేల పళ్లెం పీట పక్కన పెట్టి, అక్క గుడ్డను పీట అంచున వేసి, వెనక వసారాలో కూర్చుంది. లోపల చప్పుడేమీ లేదు. కిటికీలో ఎండ మాత్రం, ఎవరో అడ్డంగా వచ్చి కూర్చున్నట్టు, చాలాసేపు తగ్గే ఉంది.

ఆ సంచిలో ఒక్క నాణెం మీద కూడా మరక తేలలేదు. షాపాయన ఇంకో సంచి తెచ్చాడు.

పులుపమ్మ ఏ గుడ్డనైనా ఉండచుట్టి పడేసే మనిషి. ఆ ఒక్క గుడ్డ మాత్రం రోజూ సాయంత్రానికి నాలుగు మడతలతో, ఇంకా తడి ఆరకుండా, పీట మధ్యలో ఉంటుంది.