మంచు మాట వినడానికి పోయే పిల్ల

మనవరాలి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించనని మా అత్తమ్మ ఆ ఆదివారం ఆరాధన నుంచి రాగానే తేల్చి చెప్పేసింది.

మా కాలనీలో బంగారు గనులు మూతపడినా ఆ అలవాటు పోలేదు. ఒకప్పుడు షిఫ్టుకు దిగేవాళ్ళను ఇంటి పెద్ద అలా ప్రార్థించి పంపేది. ఇప్పుడు బెంగళూరు రైలెక్కేవాళ్ళకూ అంతే. నా కూతురు అక్కడి కాలేజీలో భూకంపాల శాస్త్రం చదువుతోంది. తన బృందంతో హిమాలయాల్లోని ఒక మంచునది మీదికి పోవాలి. అవ్వ ప్రార్థన లేనిదే గడప దాటనని దాని పట్టు.

"చెయ్యి పెట్టి పంపినోడే తిరిగి రాలేదు. ఇంగ ఏం పెట్టేది?" అంది అత్తమ్మ.

మా మామ గనిలో బరస్ట్ అయిన రోజు పోయాడు. లోపలి ఒత్తిడికి రాయి పేలి, పైన ఇళ్ళన్నీ అదిరిపోవడాన్ని మేము అలా అంటాం.

"అవ్వా, మేము లోపలికి దిగం. మంచు మీద కూర్చుని దాని అదురును మిషన్లతో వింటాం, అంతే."

"వినే మిషన్లు గనిలోనూ ఉండె గదమ్మా. అవి విన్నాయి. మీ తాత రాలేదు."

మంచు అంటే దేవుడు దాచుకున్న ధనమని బైబిల్లో ఉందని సండే స్కూల్లో పిల్లలకు చెప్పేదాన్ని. దాన్ని చూసే భాగ్యం నా బిడ్డకు దక్కిందని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. అత్తమ్మ ముందు మాత్రం ఆ మాట నోరు దాటలేదు.

తీసుకుపోయే పరికరాలను ఒకసారి సరిచూసుకోవాలని నా కూతురు పెరట్లో ఇనుప పలక పరిచి, మేకుల్లాంటి కాళ్ళున్న చిన్న డబ్బాలను వరసగా నేలలో గుచ్చి, వైర్లను లాప్‌టాప్‌కు కలిపింది. పలక మీద సుత్తితో కొడితే ఆ అదురు మంచులోకి దిగి, అడుగున ఉన్న రాయిని తాకి తిరిగొస్తుందట. వచ్చేందుకు పట్టిన సమయాన్నిబట్టి మంచు లోతూ, అడుగు ఆకారమూ తెలుస్తాయట. ఎవరూ కొట్టకపోయినా, పగిలినప్పుడూ జారినప్పుడూ మంచు తనంతట తానే అదురుతుందట. ఇదంతా నాకు చెప్పి, సుత్తి ఎత్తి గట్టిగా కొట్టింది.

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ముసలమ్మలు పరుగెత్తుకొచ్చారు. అత్తమ్మ అప్పటికే గేటు దగ్గరుంది.

"బరస్టా? ఏ షాఫ్టులో?" అని పక్కింటావిడ అరిచింది.

"గనిలోకి దిగే షాఫ్టులన్నీ మూసి ఎన్నేండ్లాయె! యాడుండావే నువ్వు?" అంది ఎదురింటావిడ.

"మరి నువ్వెందుకు చెప్పుల్లేకుండా వచ్చినావు, పెండ్లి చూసేకా?"

అందరూ నవ్వారు, అత్తమ్మ తప్ప.

నా కూతురు లాప్‌టాప్ తెచ్చి చూపింది. సుత్తి దెబ్బకు గీత నిలువునా లేచింది. దాని వెనక సన్నసన్నని వణుకులు.

"ఇవేంది?" అంది అత్తమ్మ.

"మీరు పరిగెత్తిన అడుగులు, అవ్వా. మొదటివి నీవే."

అత్తమ్మ ఆ వణుకుల మీద వేలు పెట్టింది. "ఆ పొద్దూ ఇట్లే పరిగెత్తినాము. మేము వచ్చినామని లోపల వాళ్ళకు తెలిసిందో లేదో."

అత్తమ్మ మెట్టు మీద కూర్చుని కొంగు తలమీదికి లాక్కుంది.

"నా చేతికి ధైర్యం చాలదమ్మా. నీ చెయ్యి నా తలమీద పెట్టి నువ్వే ప్రార్థన చెయ్యి."

పెద్దల తలమీద పిల్లలు చెయ్యి ఉంచడం మా సంఘంలో నేనెన్నడూ చూడలేదు. నా కూతురు నా వైపు చూసింది. నేను మోకరించాను. అది దుమ్ము చేతిని తుడుచుకుని, మెల్లగా మొదలుపెట్టింది.

ప్రార్థన సగంలో ఉండగానే అత్తమ్మ, "ఆమెన్. పోయి రా" అంది.