ముత్యాలయ్య చేసిన చెవి బిరడాలు

కావలిలో పద్మనాభయ్యగారి రైసుమిల్లు ఇంజను ఆగిందంటే అందరికీ ప్రాణం లేచొచ్చేది, ఒక్క ముత్యాలయ్యకు తప్ప. అన్నాలవేళకు ఇంజను తడబడుతూ ఆగిపోగానే ఆడకూలీలు చెట్టునీడన నడుములు వాల్చేవాళ్ళు. ముత్యాలయ్య మాత్రం సద్దిముద్ద చేతిలో పట్టుకుని, ఎవరో వెనకనుంచి పిలవబోతున్నట్టు బిగుసుకుపోయి కూచునేవాడు. పిలుపు వచ్చేది. రోజూ వచ్చేది.

"అన్నా!"

అది అతని తమ్ముడు చిన్నపోలయ్య గొంతు. చిన్నపోలయ్య సముద్రంలో పోయి అప్పటికి ఆరేళ్ళు.

కావలికి తూర్పున సముద్రపొడ్డున ఉన్న పట్టపుపాళెంలో పుట్టారు ఆ అన్నదమ్ములు. దుంగలు తాళ్ళతో బిగించి కట్టిన ఒక్క తెప్ప మీదే ఇద్దరూ వేటకు పోయేవాళ్ళు. ముందు ముత్యాలయ్య, వెనక చిన్నపోలయ్య. 1957 కార్తీకమాసంలో ఒక పొద్దున వేటనుంచి తిరిగొస్తుంటే ఉన్నట్టుండి గాలి లేచింది. ఒడ్డు కనబడుతూనే ఉంది. అలలు విరిగే చోటికి వచ్చేసరికి వెనకనుంచి ఒక అల కొట్టింది. తెప్ప వెనకభాగం తేలికైనట్టు ముత్యాలయ్యకు తొడల కింద తెలిసింది. ఆ వెంటనే కేక వినిపించింది. మూడుసార్లు.

ముత్యాలయ్య తిరగలేదు. తిరిగితే తెప్ప అడ్డం పడుతుంది, పడితే తనూ పోతాడు. ఈ ఒక్క అల దాటనీ, దాటాక తిరుగుదాం అనుకున్నాడు. అల దాటింది. తిరిగి చూశాడు. నురగ తప్ప ఏమీ లేదు. మూడోనాడు శవం దక్షిణంగా రెండు మైళ్ళ దూరాన ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

ఒడ్డున అందరూ చుట్టూ మూగి అడిగారు. తమ్ముడి పెళ్ళాం మాలకొండమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని అడిగింది.

"పిలవలేదా బావా? ఒక్క కేకన్నా వెయ్యలేదా?"

"గాలి హోరులో నాకేం ఇనపళ్ళేదమ్మా. చూసేతలికి లేడు" అన్నాడు ముత్యాలయ్య.

ఆ ఒక్క అబద్ధంతో అతను సముద్రానికి దూరమైపోయాడు. మళ్ళీ తెప్ప ఎక్కలేకపోయాడు. ఇంట్లో కూచుంటే గొంతు, పడుకుంటే గొంతు. పనికోసం కావలి వచ్చి మొదటిసారి మిల్లులో అడుగుపెట్టినప్పుడు ఇంజను, బెల్టులు, వడ్ల పొట్టు తీసే హల్లరు అన్నీ కలిసి ఒక్కసారిగా అతని తలమీద విరుచుకుపడ్డాయి. పక్కన కొత్తగా చేరిన కూలీ రెండు చెవులూ మూసుకున్నాడు. ముత్యాలయ్యకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏడాది తర్వాత మొదటిసారి అతనికి ఆ గొంతు వినబడలేదు.

ఇక అతను హల్లరు దగ్గరినుంచి కదల్లేదు. ఎవరూ నిలబడలేని చోట, వడ్లు పోసే తొట్టి పక్కన పొద్దస్తమానం నిలబడేవాడు. భార్య అంకాలమ్మను తీసుకొచ్చి మిల్లు వెనక గుడిసె వేసుకున్నాడు. కొన్నాళ్ళకు మాలకొండమ్మనూ, ఆమె కూతుర్నీ పాళెంనుంచి పిలిపించి, తవుడు జల్లించే పని ఇప్పించాడు. ఆ జల్లెడ హల్లరుకు మూరెడు దూరంలో ఉండేది.

1963 కోతలకాలంలో ఒకరోజు మిల్లు ముందు వడ్లబండి వెనక్కి నడుస్తోంది. ఇంజను అప్పుడు ఆగే ఉంది. మాలకొండమ్మ బండికి వీపుపెట్టి గింజలు ఊడుస్తోంది. బండివాడు "తప్పుకో, తప్పుకో" అని అరుస్తున్నాడు. ఎడ్లు బెదిరాయి. ఆమె తల కూడా తిప్పలేదు. ముత్యాలయ్య పరుగున పోయి రెక్క పట్టి లాగాడు. చక్రం ఆమె చీపురు మీదుగా పోయింది.

"అంతగా అరస్తాంటే పలకవేమమ్మా?"

ఆమె అతని నోటివంకే చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "నాకు ఇనపళ్ళేదు బావా."

ముత్యాలయ్య తను చెప్పిన మాటే మళ్ళీ విన్నాడు. కానీ ఆమె చెప్పింది నిజం.

మరుసటి వారం ఆమెను డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. ఆయన చెవుల్లోకి దీపం వేసి చూసి, చిన్న ఇనుప కడ్డీ మోగించి, అది ఎక్కడిదాకా వినబడుతుందో అడిగాడు. "మిల్లు చప్పుడుకు పోయింది పోయినట్టే, తిరిగి రాదు. ఉన్నదాన్ని మాత్రం నిలబెట్టుకోవచ్చు. మిల్లులో ఉన్నంతసేపూ చెవులు మూసుకోవాలి" అన్నాడు.

"దూది పెట్టుకుంటే చాలాండీ?"

"ఉత్త దూది దండగ. దూదిలోంచి నీళ్ళు దిగినట్టు చప్పుడూ దిగుతుంది. చెవిరంధ్రం నిండా సందు లేకుండా సరిపోవాలి. అట్లాగని నొప్పి పెట్టకూడదు. నొప్పి పెడితే గంటకు పీకేస్తారు. పీకేస్తే ఎంత మంచిదైతే ఏం లాభం?"

ఆ మాట ముత్యాలయ్య మనసులో నాటుకుంది. చెవులకు బిరడాల కోసం వెతుకులాట ఆ రోజే మొదలైంది. ఆమెకు పెట్టేముందు ప్రతిదీ తన చెవుల్లో పెట్టుకుని హల్లరు పక్కన నిలబడి చూడాలి కదా. మొదట డాక్టరు మాట నిజమో కాదో చూద్దామని ఉత్త దూదే కుక్కుకున్నాడు. హల్లరు అట్లాగే మోగింది. తర్వాత వలకు కట్టే బెండు ముక్క తెచ్చి కత్తితో చెక్కి, అరగదీసి పెట్టుకున్నాడు. గట్టిగా ఉండి ఒకవైపు ఒరుసుకుంది, రెండోవైపు సందు వదిలింది. కానీ చప్పుడు కొంచెం తగ్గింది. తగ్గిన ఆ కాస్త సందులోంచే చిన్నపోలయ్య పిలిచాడు.

"అన్నా!"

ముత్యాలయ్య బెండుముక్కలు పీకి అవతల పారేశాడు.

సంగతి తెలిసి పద్మనాభయ్యగారు మద్రాసు పోయినప్పుడు రబ్బరు బిరడాల జత ఒకటి తెచ్చిచ్చారు. అవి అందరికీ ఒకే కొలత. ముత్యాలయ్యకు బాగా పట్టాయి. ఇంజను ఎక్కడో పక్క ఊళ్ళో ఆడుతున్నట్టయింది. గొంతు మాత్రం భుజం పక్కకు వచ్చింది. రెండో కేక పూర్తికాకముందే లాగేశాడు. మాలకొండమ్మ చెవిరంధ్రాలు చిన్నవి. ఆమె వాటిని రెండ్రోజులు పళ్ళ బిగువున పెట్టుకుంటే చెవులు వాచి, చీము పట్టింది.

ఏది బాగా మూస్తుందో ముత్యాలయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తమ్ముడే చెప్పేవాడు. గొంతు ఎంత దగ్గరగా వస్తే ఆ బిరడా అంత మంచిది. దగ్గరకు రాకపోతే అది పనికిమాలింది. అట్లా పరీక్షించడం ఎంత నరకమో అతను ఎవరికీ చెప్పుకోలేదు. రోజూ ఒకసారి ధైర్యం చిక్కబట్టుకుని కొత్తది చెవిలో పెట్టుకునేవాడు. ఒళ్ళంతా చెమటతో బయటికొచ్చేవాడు. "జొరమా?" అని అంకాలమ్మ నుదుటిమీద చెయ్యివేసి చూసేది.

చివరికి తేనెమైనం దొరికింది. అడవితేనె అమ్మేవాళ్ళ దగ్గర గడ్డ కొని, కరగబెట్టి వడగట్టాడు. ఉత్త మైనం ఎండకు జిగటై చెవిలోనే అంటుకుంది. మైనంలో దూది తడిపి, రెండుచుక్కల ఆముదం వేసి పిసికితే మెత్తగా, ముద్దగా నిలిచింది. వేళ్ళమధ్య వెచ్చబడేదాకా నలిపి, సన్నగా చుట్టి, చెవిని పైకీ వెనక్కీ లాగిపట్టి లోపల పెడితే రంధ్రం ఆకారంలోకి అదే సర్దుకుంది. నొప్పి లేదు. పీకేటప్పుడు పట్టుకోవడానికి కొస బయటికి ఉంచాడు. సరిగ్గా పడిందా లేదా అని తెలుసుకోవాలంటే మాట్లాడి చూసుకుంటే చాలు. తన మాట తనకే కుండలోంచి వచ్చినట్టు వినబడాలి.

ముత్యాలయ్య వాటిని పెట్టుకుని హల్లరు పక్కన నిలబడ్డాడు. మిల్లు మిల్లంతా దూరంగా జరిగిపోయింది. ఆ వెలితిలో, ఇంకెక్కడినుంచో కాదు, సరిగ్గా వెనకనుంచి, ఉప్పునీళ్ళు మింగిన గొంతుతో, "అన్నా!" మళ్ళీ "అన్నా!" మూడోది రాకముందే అతను వడ్లబస్తాలమీద కూలబడి రెండూ పీకేశాడు.

ఇవే మంచివి అనుకున్నాడు. ఆ సాయంత్రమే ఆమెకు రెండు జతలు చేసిచ్చాడు.

వారంలోగా మాలకొండమ్మ ముఖం తేటపడింది. పనయ్యాక తలలో గుయ్యిమనడం తగ్గిందంది. చిత్రమేమంటే, అవి పెట్టుకున్నాక మిల్లు నడుస్తుండగానే పక్కమనిషి మాట కొంత తెలుస్తోందట. మిగతా ఆడవాళ్ళూ అడిగారు. ఒక్కొక్కరి చెవికి ఒక్కో కొలత. ముత్యాలయ్య అందరికీ చేసిచ్చాడు. తను మాత్రం పెట్టుకోలేదు. చెవుడొస్తే రానీ, దాంతో ఆ గొంతు కూడా పోతుంది కదా అని లోలోపల ఆశ.

ఆ ఆశను చెదరగొట్టినవాడు హజరత్తయ్య. ఇరవయ్యేళ్ళుగా ఇంజను చూసుకుంటున్న ముసలాయన. పిడుగు పడ్డా వినబడదు. ఒకనాడు ముత్యాలయ్య ఆయన చెవులు చూపించి, హాయిగా ఉంటుందా అన్నట్టు చేత్తో సైగచేశాడు. హజరత్తయ్య నవ్వలేదు.

"చెవుడొస్తే అంతా సద్దుమణిగిపోతాదనుకున్నావా అబ్బయా? బయటి చప్పుడే పోయేది. లోపలిది యాడికి పోతాది? మిల్లు ఆపినా నా తలకాయలో ఆడతానే ఉండాది. అడ్డం పెట్టేదానికి ఇంకో చప్పుడు లేదు నాకు."

ముత్యాలయ్యకు ఆ పూట అన్నం సయించలేదు. చెవులు పూర్తిగా పోయాక ఆ గొంతుతో తనొక్కడే మిగిలిపోవడం కళ్ళకు కట్టింది.

మర్నాడు అన్నాలవేళ మాలకొండమ్మ తన కొత్త జత తెచ్చి అతని ముందు పెట్టింది. "నువ్వు కూడా పెట్టుకో బావా. నీకూ చెవుడొస్తే మా గతేంది?"

"నాకొద్దమ్మా."

"ఎందుకొద్దు?"

"పెట్టుకుంటే వాడు పిలస్తాడు."

"ఏందీ?" ఆమె చెవి ఒగ్గింది.

"చిన్నపోలయ్య పిలస్తాడు."

"ఇనపళ్ళేదు బావా, గట్టిగా చెప్పు."

ఏళ్ళ తరబడి గొంతులో దాచుకున్న మాట గుసగుసగా చెప్పే వీలు కూడా లేకపోయింది. ముత్యాలయ్య లేచి నిలబడి అరిచాడు.

"నాకు ఇనపడింది! ఆ పొద్దు వాడు పిలిచింది నాకు ఇనపడింది. తిరిగితే నేనూ పోతానని తిరగలా. నీకు అబద్ధం చెప్పినాను!"

ఇంజను ఆగి ఉంది. వడ్లు ఎండబోస్తున్న ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోయారు. గుమ్మంలో అంకాలమ్మ కూటిగిన్నెతో నిలబడి ఉంది. మాలకొండమ్మ ముఖంలో రక్తం లేదు. ఆమె అడిగింది.

"ఏమని పిలిచినాడు?"

"అన్నా అని రెండుసార్లు. మూడోసారి నన్ను కాదమ్మా. కొండా అని పిలిచినాడు."

ఆ పేరుతో ఆమెను పిలిచింది లోకంలో చిన్నపోలయ్య ఒక్కడే. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత తీసింది.

"నన్ను పిలిచినాడా? నన్ను పిలిచిన పిలుపు ఇన్నేళ్ళు నీకాడ పెట్టుకున్నావా బావా? ఆయన నన్ను తలుచుకోకుండానే పోయినాడని నేను ఎన్ని రేత్రులు ఏడిస్తినో నీకు తెలుసా?"

మైనపు బిరడాలను తవుడులోకి విసిరికొట్టి, కూతుర్ని తీసుకుని ఆ పొద్దే బిట్రగుంటలో ఉన్న అక్క దగ్గరకు వెళ్ళిపోయింది.

అంకాలమ్మ మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు. నాలుగోరోజు అన్నం పెడుతూ, "ఆ అల మీద తిరగలేదని నిన్ను తప్పుపట్టను. అది సముద్రం. ఒడ్డుకొచ్చినాక అబద్ధమెందుకు చెప్పినావయ్యా?" అంది.

ఆ రోజునుంచి అతను కూడా బిరడాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. గొంతు వచ్చింది. ఈసారి పీకెయ్యలేదు. రెండు కేకలూ విని, మూడోదీ రానిచ్చాడు. తొట్టిలో వడ్లు పోస్తూనే ఉన్నాడు. కళ్ళనీళ్ళు గడ్డం మీదుగా కారుతుంటే ఊకదుమ్ము పడిందేమో అనుకున్నారు చూసినవాళ్ళు.

మూడు నెలలకు మాలకొండమ్మ తిరిగొచ్చింది. క్షమించి కాదు. బిట్రగుంటలో పని కుదరక వచ్చింది. వచ్చి జల్లెడ దగ్గర కూచుంది. అతనివంక చూడలేదు. ముత్యాలయ్య కొత్త జత చేసి జల్లెడచెక్క మీద పెట్టి తప్పుకున్నాడు. కాసేపటికి చూస్తే అవి ఆమె చెవుల్లో ఉన్నాయి. వారానికో జత అట్లాగే పెట్టేవాడు, ఆమె తీసుకునేది. మాట మాత్రం లేదు. రెండేళ్ళు అట్లా గడిచాయి. డాక్టరు మళ్ళీ చూసి, ఆమె వినికిడి అక్కడే నిలిచింది, దిగజారలేదు అన్నాడు.

1966 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, ఇంజను ఆగిన వేళ, మాలకొండమ్మ తనంతట తానే వచ్చి ముత్యాలయ్యకు ఎదురుగా కూచుంది. చెవుల్లోంచి మైనం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయన ఎట్ట పిలిచినాడో అట్ట పిలువు. మెల్లగా చెప్పమాక. అట్టనే పిలువు."

ముత్యాలయ్య ఆమె ముఖం చూశాడు. వద్దని తల అడ్డంగా ఊపబోయి ఆగాడు. కళ్ళు మూసుకుని, ఊపిరి ఎగబీల్చి, పొట్టలోంచి తమ్ముడి గొంతుతో కేక వేశాడు.

"కొండా!"

గోడమీది కాకులు లేచిపోయాయి. హజరత్తయ్య తప్ప మిల్లులో అందరూ ఇటు తిరిగారు. మాలకొండమ్మ కదల్లేదు. తల కొంచెం వాల్చి, చివరి శబ్దం అణిగేదాకా విన్నది.

"ఇనపడింది" అంది.

ఇంకోసారి పిలవమని అడగలేదు. ఇంజను మళ్ళీ మొదలయ్యేదాకా ఇద్దరూ అక్కడే, ఒకే నీడలో, ఎవరి సద్దిమూట వాళ్ళు విప్పుకుని తిన్నారు.