బోల్టుకు కట్టిన ఎర్రగుడ్డ

మా లోయలో బండలెక్కేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కొత్త దారి కనిపెట్టి, డ్రిల్లుతో బండకు బోల్టులు దించినవాడు మొదటి బోల్టుకు ఎర్రగుడ్డ కడతాడు. ఎక్కడా జారకుండా అతను ఒక్కసారి పైదాకా వెళ్లేవరకు ఆ దారి జోలికి మరెవరూ పోకూడదు. వెళ్లాక గుడ్డ విప్పేసి, దారికి పేరు పెడతాడు. ఆ పేరే, బండల మీది దారులన్నీ చూపే గైడు పుస్తకంలోకి ఎక్కుతుంది.

మా నేస్తగాడు కట్టిన గుడ్డ మా అంగట్లోదే. రవికె గుడ్డ తానులోంచి నేనే చించి ఇచ్చాను. కోసిగిలో మాది బట్టల అంగడి. అతనిది కూలి కుటుంబం. వానల్లేని ఏడు ఊళ్లో సగంమంది మూటలు కట్టుకుని పత్తి తీయడానికి పోతే వాళ్లూ పోయేవాళ్లు. తిరిగొచ్చాక ఆదివారమొస్తే ఇద్దరం బండ దగ్గరే. "బేరాలిడిసిపెట్టి కోతి మాదిరి యాడికి పోతాండావురా" అని మా అమ్మ తిట్టేది. నా పొట్ట చూస్తే కోతులు సిగ్గుపడతాయని అతను నవ్వేవాడు. నిజమే, నేను ఎక్కింది తక్కువ. అతను జారితే కింద పడకుండా, కింద నిలబడి అతని తాడు పట్టుకోవడమే నాకిష్టం.

తర్వాత, ఆ దారి ఒక్కసారైనా జారకుండా ఎక్కకముందే, అతను బెంగళూరు వెళ్లాడు. తాళ్ల మీద వేలాడుతూ పెద్ద భవనాల అద్దాలు తుడిచే పని. ఎండాకాలం వస్తానన్నాడు, రాలేదు. గుడ్డ వెలిసిపోయినప్పుడల్లా నేనే వెళ్లి కొత్తది కట్టి వచ్చాను. అతను లేని ఆదివారాలు ఎంత బరువుగా గడిచేవో ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. అంగడి మూసి ఊరికే కూర్చునేవాణ్ణి.

ఈ ఏడు కొత్త గైడు పుస్తకం వేస్తున్నవాళ్లు వచ్చారు. పాతదాంట్లో మా లోయకు దక్కింది రెండు పేజీలే. కొత్తదాంట్లో అతని దారి, అతను పెట్టే పేరుతో ఉండాలని నా కోరిక. వాళ్లు బండ ఫొటో మీద ఒక్కో దారికీ గీత గీస్తూ అతని దారి దగ్గర ఆగారు. "ఇదొక్కటే మిగిలింది. ఆయన వస్తారా, అందరికీ వదిలేస్తారా, కనుక్కుని చెప్పండి" అన్నారు.

ఫోన్ చేశాను. వస్తానంటాడని గట్టి ఆశ.

"సావుకారీ, పొద్దస్తమానం తాడు మీదనే ఉంటాండా. సెలవు దొరికితే నేల మీద పండుకోవాలనిపిస్తాది. నేను రానప్పా. ఎవురన్నా ఎక్కనీ" అన్నాడు.

"పేరన్నా చెప్పు."

"ఎక్కినోళ్లు పెట్టుకుంటారులే. అంగడి బాగుండాదా?"

బాగుందన్నాను. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. రోజూ కూడు పెట్టే తాడును ఆదివారం కూడా పట్టుకోమని ఎట్లా అడిగేది?

ఆ వచ్చే ఆదివారం గుడ్డ విప్పాను. పుస్తకం వాళ్లలో ఒక అమ్మాయి ఎక్కుతానంటే ఆమె తాడు నేనే పట్టాను. సగం దాటాక వేళ్లకు సరైన పట్టు దొరకని చోటొకటి ఉంది. అతను ప్రతిసారీ అక్కడే జారేవాడు. ఆమె అక్కడికి చేరేసరికి నా చేతులు వాటంతటవే బిగుసుకున్నాయి. ఆమె జారలేదు.

"అన్నా, తాడు కొంచెం వదలండి" అని పైనుంచి అడిగింది. కాసేపాగి మళ్లీ అడిగింది. నా చేతులు ఇంకా అతను పడతాడనే కాచుకుని ఉన్నాయి.