ఎర్రజెండా ఎత్తని మధ్యాహ్నం

సహోదరులారా, యుద్ధం రోజుల్లో హైదరాబాదుకు ఎగిరివచ్చే గాలిమోటర్లు దిగడానికి మన షామీర్‌పేట దిక్కున మైదానం చదును చేసినప్పుడు నాకు అక్కడ జెండా పని దొరికింది, ఆ మాట వినగానే మా అమ్మ మోకాళ్ల మీద పడి దేవునికి స్తోత్రం చెప్పింది, నేను మాత్రం తిన్నగా కల్లు దుకాణానికి పోయాను! అలాంటివాణ్ణి నేను. పొద్దున తాగందే ఇల్లు కదిలేవాణ్ణి కాదు, ఆ మత్తుతోనే జెండా పట్టేవాణ్ణి.

మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి చేలకు పోయే పాత బండ్లబాట ఆ మైదానం మధ్యలో పడింది. గాలిమోటరు దిగే ముందు ఆఫీసులో గంట కొడతారు, గంట వినగానే నేను ఎర్రజెండా ఎత్తి బాట దాటేవాళ్లను ఆపాలి. అంతకు మించి నాకు పని లేదు, అదీ చేయలేకపోయాను.

దొర బండి ఎదురైతే మనం ఏం చేయాలో మీకు నేను చెప్పాలా? చెప్పులు విడిచి, తల వంచి, బండి పోయేదాకా కదలకుండా నిలబడాలి, కదిలితే దెబ్బలే. నేను పనిలో చేరిన రోజు అమ్మ, "గా మోటర్ల ఎవరుంటరు బిడ్డా?" అని అడిగింది. నేను గొప్పలు పోతూ, "దొరలకే దొరలుంటరే! గా మోటరు ఎదురొస్తే చెప్పులిడిసి నిలవడాలె" అన్నాను. వేళాకోళానికి అన్నాను సహోదరులారా, ఆమె నిజమనుకుంది.

ఆ మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు నేను కల్లు దుకాణంలో ఉన్నాను. అమ్మ నాకు జొన్నరొట్టె తెస్తూ, ఆపేవాడు లేక మైదానం మధ్యకు వచ్చేసింది, ఎదురుగా గాలిమోటరు దిగి ఉరికివస్తోంది, పక్కకు నాలుగడుగులు వేస్తే బతికిపోయేది, కానీ ఆమె చెప్పులు విడిచి తల వంచి నిలబడింది! నడిపేవాడు పక్కకు తిప్పాడు కాబట్టి ప్రాణం దక్కింది, చక్రం కింద కాలు నలిగిపోయింది. ఆసుపత్రిలో మోకాలి దాకా కోసేశారు.

విచారణకు వచ్చిన అధికారి అడిగితే నేను ఏమన్నానో వినండి. "జెండ ఎత్తిన సాబ్, ముసల్ది ఇనలే" అన్నాను. నా తప్పు కన్నతల్లి మీద వేశాను! అమ్మ మంచం మీద పడుకుని ఆ మాట విన్నది, నా ముఖం చూసింది, కాదని ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి ఊళ్లోవాళ్లూ, ఈ సంఘంలో మీరూ, "జెండా చూసి కూడా ఆగలేదట" అని ఆమెనే తిట్టారు.

నేను ఇంకా తాగాను. నెత్తురు కక్కుకున్నాను, జ్వరంతో మంచాన పడ్డాను. ఇగ బతకడని అందరూ వదిలేస్తే అమ్మ ఒంటికాలితో పాకుతూ వచ్చి నా కడుపు మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది, ఆ జ్వరం దిగాక నాకు కల్లు వాసనే పడలేదు! అది దేవుడు చేసిన పని, ఆయనకే మహిమ! ఆ సంగతి ఇక్కడ సాక్ష్యం చెప్పిన రోజు మీరంతా చప్పట్లు కొట్టారు.

కానీ రోజూ తెల్లవారుజామున అమ్మ చేసే ప్రార్థన ఆగలేదు. "ప్రభువా, నా కాలు నేను అడుగుత లేను. నా కొడుకు నోట నిజం పలికియ్యి" అని. గోడ అవతల పడుకుని రోజూ విన్నాను. కల్లు మానితే చాలనుకున్నాను, చాలలేదు సహోదరులారా, ఆ మాట నన్ను లోపల కోసేసింది.

అందుకే ఈ రోజు మీ ముందు చెబుతున్నాను. నేను జెండా ఎత్తలేదు. నేను అక్కడ లేనే లేను. రేపు ఆఫీసుకు పోయి ఇదే చెబుతాను, జైల్లో వేస్తే వేయనీ. మీలో ఎవరైనా ఇలాంటి అబద్ధం మోస్తుంటే యేసయ్య దగ్గరకు రండి, నాలాంటివాణ్ణే ఆయన తోసివేయలేదు, మిమ్మల్ని తోసివేస్తాడా? నాకోసం ఏడవకండి, వెళ్లి మా అమ్మ చేతులు పట్టుకుని క్షమించమని అడగండి.

అమ్మా, నువ్వు అడిగింది దేవుడిచ్చిండు. రేపు తెల్లారి నీకోసం ఏమన్న అడుక్కోవే.